రెండో గడిలో టిక్కు

పోయినవారం మనం చెదల పిల్లను హెడ్ మేడమ్ గది బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. మనకు వారం గడిచింది గాని, పాపం ఆ పిల్లకు గడిచింది పావుగంటే. ఆ పావుగంటలోనే నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లు కూర్చుంది, మంచినీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ బిగించింది. కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

నిలవకపోవడానికి కారణం ఉంది మరి. పురుగుల శాస్త్రం చెప్పే ఆ డిపార్టుమెంటులో ప్రతి సోమవారం పొద్దున ఒక కాగితం గోడకెక్కుతుంది. ఆఫీసులో పనిచేసే నోటీసుల అత్తయ్య తనే టైపు చేసి, తనే అంటిస్తుంది. పై సగం వార్తలు, కింది సగం అవకాశాలు. ఎవరి వ్యాసం అచ్చయింది, ఎవరి గొడుగు పోయింది, ఎవరికి కవలలు పుట్టారు, ఎక్కడ ఏ ఉద్యోగం పడింది, అన్నీ ఆ ఒక్క కాగితంలోనే. మొదటి సోమవారం కింది సగంలో ఒక అవకాశం పడింది. కొండల మధ్య ఉన్న పరిశోధన కేంద్రంలో రెండేళ్ళ చోటు. డిపార్టుమెంటు నుంచి ఒక్కరినే పంపాలి.

చెదల పిల్ల దాన్ని చదివి, తనకెందుకులే అనుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఐదేళ్ళుగా చీకటి గదిలో, పురుగులు పెద్దగా బెదరని ఎర్రదీపం వెలుగులో, పదకొండు గాజుపెట్టెల్లో చెదపురుగుల్ని పెంచుతూ, అవి కాపురం ఎలా చేస్తాయో, గూట్లో తేమ ఎలా నిలుపుకుంటాయో రాసుకుంటూ ఉంది. స్కాలర్‌షిప్పు ఇంకో ఏడాది పొడిగిస్తారని గట్టి నమ్మకం. ఆ చోటు తన జూనియరుకు సరిపోతుందనుకుంది. పేరుకు జూనియరే గాని ఆయనకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. పన్నెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, సెలవు పెట్టి చదువుకు వచ్చినవాడు. అందరూ మాస్టారనే పిలుస్తారు. నలభై నిండితే ఆ కేంద్రం గుమ్మం ఎక్కనివ్వదు. ఆయనకు ఇదే ఆఖరి ఏడు.

ఇక్కడ ఆ ల్యాబు అలవాటొకటి చెప్పాలి. సిఫార్సు ఉత్తరం గైడు రాయాలి. వాళ్ళ గైడు, పిల్లలంతా పెద్దసారనే ఆయన, “మీరే రాసి పట్టుకురండి, సంతకం పెడతా” అంటారు. పోగా పోగా ఆ ‘మీరే’ కాస్తా ‘నువ్వే’ అయింది. ల్యాబులో ఎవరికి ఉత్తరం కావాలన్నా చెదల పిల్లే పెద్దసారై కూర్చుని రాస్తుంది. ఐదేళ్ళలో ముప్ఫై ఒక్క ఉత్తరాలు! మాస్టారి ఉత్తరమూ ఆమే మనసుపెట్టి రాసింది. ‘ఈ పదేళ్ళలో మీ దగ్గర చదివినవారిలో ఈ అభ్యర్థి స్థానం’ అని ఫారం అడుగున మూడు గడులుంటే, మొదటి గడిలో టిక్కు పెట్టింది. సారు సంతకం గీకారు. ఉత్తరం వెళ్ళిపోయింది.

రెండో సోమవారం పై సగంలో వార్త. ఐదో ఏడు దాటినవారికి స్కాలర్‌షిప్పు పొడిగింపు రద్దు. ఇక మూడు నెలలే! ఆ తర్వాత పెట్టెలు ఎవరివో, ఆమె ఎక్కడో. దరఖాస్తుకు గడువు మర్నాటితో సరి. పరుగున దరఖాస్తు పెట్టింది, తన ఉత్తరం తనే రాసుకుంది. గడుల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఒకే సారు ఇద్దర్నీ మొదటివాళ్ళంటే నమ్మేదెవరు? మొదటి గడి మాస్టారికి ఇచ్చేసింది. మిగిలింది రెండోది. తన చేత్తో తనే రెండో గడిలో టిక్కు పెట్టుకుంది.

ఇవాళ హెడ్ మేడమ్ కబురు పంపింది. నాలుగింటికల్లా పేరు వెళ్ళిపోవాలి.

“సీనియర్ గారూ, మీరింకోసారి లేచి కూర్చుంటే ఈ బల్ల మనిద్దర్నీ కింద పడేస్తుంది,” అన్నాడు పక్కనే కూర్చున్న మాస్టారు.

“కూర్చుంటే ఊపిరాడట్లేదు మాస్టారూ.”

“నాకూ అంతే. కాకపోతే మా ఆవిడ ఐదు నిమిషాలకోసారి ఫోను చేస్తోంది గదా, ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేదు. ‘వచ్చిందా, వచ్చిందా’ అంటుంది. పార్సిలనుకుంటోంది.” గొంతు తగ్గించి అన్నాడు. “మీకొస్తే నాకొచ్చినట్టేనండీ అని చెప్పాలని పొద్దుట అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను. నోరు తిరగట్లేదు.”

చెదల పిల్ల ఆయన మొహం వంక చూసింది. “నాకూ తిరగట్లేదు మాస్టారూ,” అంది.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆమె ఫోను మోగింది. అక్క. చెదల పిల్ల ఉండేది అక్కగారింట్లోనే.

“ఏమే చిట్టీ, పిలిచారా? మీ బావ ఇక్కడ ఒకటే గోల. ఇల్లుగలవాళ్ళంతా చెదల్ని చంపుకుంటారు, మా మరదలు మాత్రం ఊయలూపుతుంది, ఆ కొండల మీదికి పోతే మన తలుపులైనా మిగుల్తాయి అని.”

“బావకి చెప్పు, నేనెళ్ళేటప్పుడు రెండు వదిలేసి వెళ్తానని.”

“విన్నాడు. మొహం మాడింది. తిన్నావా?”

తినలేదని చెప్పేలోగా ఆఫీసు తలుపు తెరుచుకుంది. నోటీసుల అత్తయ్య తల బయటికి పెట్టింది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. “పిల్లా, నువ్వొక్కదానివే రా. మాస్టారూ, మీరు కదలకండి. ఆ నీళ్ళేవో తాగి రా, సీసా చేత్తో పట్టుకుని ఊరేగకు.”

హెడ్ మేడమ్ గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి మాత్రం ఆవిడ బల్ల దాకా వచ్చి ఆగిపోతోంది. గోడల నిండా అద్దాల పెట్టెలు. వాటిలో సూదులు గుచ్చిన పేడపురుగులు వరసగా, పసుపెక్కిన చీటీలతో. చెదల పిల్లకు ఆ క్షణాన ఆ వరసలో తనకూ ఒక సూది ఖాళీగా ఉన్నట్టనిపించింది.

“కూర్చో. చెమట తుడుచుకో. నేనేం తినేయనులే,” అంది హెడ్ మేడమ్. ఎదురుగా రెండు ఫైళ్ళు విప్పి ఉన్నాయి. “నీ పని మొత్తం చదివాను. బాగుంది. ఉత్తినే అనడం కాదు, నిజంగానే బాగుంది. అందుకే నాకు కొరుకుడు పడనిదొకటి ఉంది. మీ గైడు నిన్ను రెండో గడిలో ఎందుకు పెట్టారు?”

చెదల పిల్ల గోడమీది పేడపురుగుల వంక చూసింది.

“ఇది విను. ‘శ్రద్ధగలది. చెప్పిన పని చేస్తుంది. నిదానం ఎక్కువ, చొరవ తక్కువ.’ ఏమిటమ్మా ఇది? ఐదేళ్ళు నిన్ను చూసిన మనిషి రాయాల్సిన మాటలా? మా ఇంటి మిక్సీకి ఇంతకంటే మంచి ఉత్తరం రాస్తాను నేను!”

బీరువా దగ్గర కాగితాలు సర్దుతున్న నోటీసుల అత్తయ్య దగ్గు వచ్చినట్టు చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. చెదల పిల్లకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఒకరు మనల్ని తక్కువచేసి మాట్లాడితే బాధ ఒక రకం. మన మాటలే పరాయి గొంతులోంచి తిరిగొచ్చి చెంపమీద కొడితే ఆ మంట వేరు. ‘చొరవ తక్కువ’ అన్న మాట రాసేటప్పుడు ఆమెకు తప్పనిపించలేదు. నిజమే కదా అనిపించింది.

“సరే, ఇప్పుడు మాస్టారి ఉత్తరం.” హెడ్ మేడమ్ రెండో ఫైలు దగ్గరికి లాక్కుంది. “‘ఎండలు మండుతున్న రోజుల్లో ల్యాబులో ఏసీ చెడిపోయింది. పెట్టెలు వేడెక్కితే పురుగులు బతకవు. అతను పదకొండు పెట్టెలకూ తడి గోనెపట్టాలు చుట్టి, ఒక్కొక్కటే నేలమాళిగలోకి దింపాడు. తొమ్మిదో పెట్టె దగ్గర చేతులు వణికితే, మెట్టు మీద కూర్చుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాడు. నేను కళ్ళారా చూశాను.’ చూశావా? ఇది ఉత్తరమంటే. చదువుతుంటే ఆ మెట్ల మీద నేనూ నిలబడ్డట్టుంది.”

“అవును మేడమ్. మాస్టారు అలాంటివారే.”

“మాస్టారి సంగతి సరే. చూసినాయన సంగతేమిటి?” హెడ్ మేడమ్ కళ్ళద్దాలు తీసి ఆమెవైపే చూసింది. “ఏసీ పాడైందని ఆరోజు నా దగ్గరికి రొప్పుకుంటూ వచ్చిందెవరు? నువ్వు. నా దగ్గరికే ఎందుకొచ్చావు? మీ సారు ఊళ్ళో లేరు గనక. ఆయన సెలవు కాగితం మీద సంతకం పెట్టింది నేను. విమానమెక్కి సభకు వెళ్ళిన మనిషి, మన నేలమాళిగ మెట్ల మీద తొమ్మిదో పెట్టెను కళ్ళారా ఎలా చూశారమ్మా?”

ముప్ఫై ఒక్క ఉత్తరాల్లో ఎక్కడా దొరకని పిల్ల, ఒక్క మంచిమాట మనసులోంచి రాసి దొరికిపోయింది.

తల వంచుకునే లెక్కలన్నీ వేసుకుంది. తెలియదు మేడమ్ అంటే చాలు. ఎవరో చెబితే విని సారు రాశారనే అనుకుంటారు, మాస్టారు కొండలకెళ్తారు, తను మూడు నెలల్లో ఇంటికెళ్తుంది. నిజం చెబితే? రెండు ఉత్తరాలూ చిత్తుకాగితాలే. మాస్టారి ఆఖరి ఏడు గల్లంతు. సారు మొహం చూడడం ఎలా? ఆయన సంతకం లేకుండా ఐదేళ్ళ థీసిస్ గడప దాటదు. అటు చూసినా గొయ్యే, ఇటు చూసినా గొయ్యే.

“మెట్ల మీద ఆరోజు ఇంకెవరున్నారు?” అని మళ్ళీ అడిగింది హెడ్ మేడమ్.

“నేనే మేడమ్.”

“ఏం నువ్వే?”

“చూసింది నేను. టార్చి పట్టుకుంది నేను. రాసిందీ నేనే. రెండు ఉత్తరాలూ.” తల ఎత్తి చూసింది. “కానీ మాస్టారి దాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు మేడమ్. కావాలంటే ఆ మెట్లనడగండి.”

“రెండో గడి?”

“అదీ నేనే.”

హెడ్ మేడమ్ రెండు ఉత్తరాలూ ఫైళ్ళలోంచి తీసి పక్కపక్కన పెట్టింది. “నిన్ను నువ్వు ఇలా తక్కువ చేసుకోవడం ఎవరు నేర్పారే నీకు?” అంది.

నోటీసుల అత్తయ్య ఇక ఉండబట్టలేకపోయింది. “దానికొకరు నేర్పాలా మేడమ్! అందరికీ గరిటెతో పోసి, తనకు చెంచాతో పోసుకునే రకం ఇది. పోయినేడు నా బదిలీ అర్జీ కూడా ఇదే రాసింది. ఎంత బాగా రాసిందంటే, ఇంత మంచి మనిషిని వదులుకోలేమని ఇక్కడే ఉంచేశారు.”

హెడ్ మేడమ్ నవ్వాపుకుని, అత్తయ్యతో “వెళ్ళి పెద్దసారుని పిలుచుకురా,” అంది.

పెద్దసారు వచ్చారు. ఎప్పటిలాగే ఇస్త్రీ మడత నలగని చొక్కా, భుజాన ఏదో సభలో ఇచ్చిన సంచి. చెదల పిల్లను చూసి, బల్ల మీది ఉత్తరాలు చూసి, కూర్చోబోతూ సగంలో ఆగారు.

“సారూ, ఈ రెండూ మీరే రాశారా?” అంది హెడ్ మేడమ్.

“నా సంతకమే కదండీ.”

“సంతకం సంగతి అడగలేదు నేను.”

ఆయన చెదల పిల్ల వంక చూశారు. ఆమె కళ్ళెత్తలేదు. అంతే, అర్థమైపోయింది. “అందరూ చేసేదే మేడమ్,” అన్నారు తేలిగ్గా. “పిల్లలు రాసుకొస్తారు, మనం చూసి సంతకం పెడతాం. మీ రోజుల్లో మీరు రాసుకోలేదా ఏం?”

“రాసుకోమన్నారు. నన్ను నేను పొగుడుకోలేక, వద్దనుకుని ఒక ఉద్యోగమే వదిలేశాను. అందుకే అడుగుతున్నాను.” ఆవిడ సొరుగులోంచి రెండు ఖాళీ ఫారాలు తీసి ఆయన ముందుకు తోసింది. “ఇవి చెల్లవు. కొత్తవి రాయండి. ఇక్కడే, నా ఎదురుగా, మీ చేత్తో.”

“ఇప్పుడా? పన్నెండింటికి నాకు మీటింగుంది.”

“ఆ మీటింగు నాతోనే. రద్దు చేశాను.”

పెద్దసారు సంచి కింద పెట్టారు. ఫారం తిప్పారు, మళ్ళీ తిప్పారు. పెన్ను క్యాపు తీసి చూసుకున్నారు. “మాస్టారి అంశం… గూట్లో గాలి గురించి కదూ? తేమ గురించా?” అన్నారు అలవాటుగా పక్కకు తిరిగి. చెదల పిల్ల నోరు తెరిచేలోగానే హెడ్ మేడమ్ వేలెత్తింది. “నువ్వు మాట్లాడకు.”

మాస్టారి ఉత్తరం రాయడానికి ఆయనకు అరగంట పట్టింది. ఏడు లైన్లు వచ్చాయి. చెదల పిల్లకు అక్కడ కూర్చోవడం ముళ్ళమీద కూర్చున్నట్టుంది. మూడో లైనులో ఆయన ఏది కొట్టేశారో, ఐదో లైను దగ్గర ఎందుకు కిటికీలోంచి చూస్తున్నారో, కాలి బొటనవేలితో నేల గీకుతూ చూస్తోంది. లేచి ఆ పెన్ను లాక్కుని, తొమ్మిదో పెట్టె సంగతి తనే రాసేద్దామా అనిపించింది.

రెండో ఫారం దగ్గరికి తీసుకున్నాక చిత్రం జరిగింది. ఆయన ఆగలేదు. తల వంచి, వంచిన తల ఎత్తకుండా, ఒక పేజీ నింపి వెనక్కి తిప్పి మళ్ళీ రాశారు. ఆపి చదువుకోలేదు కూడా. సంతకం పెట్టి హెడ్ మేడమ్ ముందు పెట్టేశారు.

ఆవిడ మాస్టారిది చదివింది. “రెండో గడి. పంపడానికి సమ్మతి, ఉంది. సరే.” తర్వాత చెదల పిల్లది అందుకుంది. చదువుతూ చదువుతూ కనుబొమలు పైకి లేచాయి. మామూలుగా ఈ ఉత్తరాలు అభ్యర్థులకు వినిపించరు. ఆవిడకేం తోచిందో గాని, పైకే చదవడం మొదలుపెట్టింది.

“‘ఈ పదేళ్ళలో కాదు, నేను గైడుగా ఉన్నంతకాలంలో ఇలాంటి విద్యార్థి నాకు దొరకలేదు. ఎర్రదీపం వెలుగులో గంటల తరబడి కూర్చుని, నేను పుస్తకాల్లో చదివినవాటిని ఆమె కళ్ళతో చూసి తప్పులు దిద్దింది. నా చివరి మూడు వ్యాసాల్లో కొత్త ఆలోచన ఏదైనా ఉంటే అది ఆమెదే. మొదటి గడి.’”

ఐదేళ్ళలో ఒక్కసారి కూడా బాగుంది అనని నోరు. ఆ నోరు అనకపోయినా, చేతికి ఇన్ని తెలుసా? కళ్ళు చెమర్చాయి. ఊరకే రాసుకున్న ఆ ‘చొరవ తక్కువ’ ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

“ఉండు, ఇంకా ఉంది,” అంది హెడ్ మేడమ్. గొంతు మారింది. “‘పంపడానికి గైడు సమ్మతి.’ లేదు.”

చెదల పిల్ల ఆ కాగితం వైపు వంగింది.

“లేదా?” అంది చెదల పిల్ల. “ఎందుకు సార్?”

“ఎందుకేమిటి? నువ్వెళ్తే ల్యాబు నడిపేదెవరు? పెట్టెలు చూసేదెవరు? కొత్తగా వచ్చేవాళ్ళకి నేర్పేదెవరు, నా…”

“మీ ఉత్తరాలు రాసేదెవరు?”

అనేసింది. అన్నాక తనే ఉలిక్కిపడింది. పెద్దసారు మొహం ఎర్రబడింది గాని గొంతు పెంచలేదు. “స్కాలర్‌షిప్పు సంగతి నాకొదిలెయ్. ఏదో ప్రాజెక్టులో ఇరికిస్తా. ఒక్క ఏడాది ఓపిక పట్టు.”

“ఆ ఏడాది తర్వాత?”

“తర్వాత చూద్దాం.”

ఈ ‘చూద్దాం’ ఆమెకు కొత్త కాదు. రెండో ఏట సభకు వెళ్తానంటే చూద్దాం. మూడో ఏట వ్యాసం మీద తన పేరు ముందుంచమంటే చూద్దాం. నాలుగో ఏట థీసిస్ మొదలుపెడతానంటే చూద్దాం. ఆ మాట మీదే ఐదేళ్ళు కూర్చుంది. ఇందాక బల్ల మీద నిలవని కాళ్ళు ఇప్పుడు గట్టిగా నేలకానాయి.

“మేడమ్, సారు సమ్మతి లేకపోతే దారే లేదా?”

“రూలు ప్రకారం లేదు. గైడునే మార్చుకుంటే కొత్త గైడు సమ్మతి చాలు. కాని ఐదో ఏట గైడును మార్చుకున్నవాళ్ళని ఈ డిపార్టుమెంటులో నేను చూడలేదు. థీసిస్ ఏడాది వెనక్కి పోవచ్చు. అదీ ఆలోచించుకో.”

“మార్చుకోమనండి,” అన్నారు పెద్దసారు. “పెట్టెలు నా ల్యాబువి. ఒక్క పురుగు కూడా గుమ్మం దాటదు.”

పదకొండు పెట్టెలు. మూడో పెట్టెలో రాణికి నాలుగేళ్ళు. ఐదో పెట్టె పురుగులు తడి చెక్కకంటే అట్టముక్కనే ముందు తింటాయి. ఏడో పెట్టెవి ఎర్రదీపం పెట్టిన రెండు నిమిషాలకే గోడకు మట్టి పూసేస్తాయి, పెంకెవి. వాటిని వదిలి వెళ్ళడమంటే చెయ్యి కోసుకుని వెళ్ళడమే. చెదల పిల్ల కళ్ళు మూసుకుంది. తెరిచింది.

“ఉంచుకోండి సార్. మూడో పెట్టెకి తేమ తగ్గనివ్వకండి.” హెడ్ మేడమ్ వైపు తిరిగింది. “ఆ ఫారం ఇప్పించండి మేడమ్.”

ఇప్పించక్కర్లేదు. నోటీసుల అత్తయ్య అప్పటికే బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి పట్టుకుని నిలబడింది.

చెదల పిల్ల తన పేరు రాసింది. చేరిన ఏడు రాసింది. కారణం అన్నచోట ‘నా కోరిక మీద’ అని రాసింది. ‘కొత్త గైడు’ అన్నచోట ఆగింది. “మీ పేరేనా మేడమ్?”

“ఎంపిక చేసేది నేనైతే గైడుగా నేనెలా ఉంటానే? చెదల మీద పని చేయించగలవాళ్ళు ఈ భవనంలో మీ సారు కాక ఒక్కరే ఉన్నారు.” ఆవిడ పెన్నుతో పైకప్పు వైపు చూపించింది.

మేడమీది తాతగారు! ఆయన రిటైరై చాలా ఏళ్ళయినా యూనివర్సిటీ ఒక గది, గైడుగా ఉండే హక్కు ఆయనకు ఉంచేసింది. పెద్దసారుకు ఒకప్పుడు గైడు ఆయనే. ఆరేళ్ళుగా మాత్రం పెద్దసారు ఆ మెట్లెక్కలేదు. ఎదురుపడితే దారి మార్చుకుంటారు. ఎందుకో ఎవరికీ తెలీదు. సోమవారం కాగితంలో అన్ని వార్తలూ వేసే నోటీసుల అత్తయ్యకే తెలీదంటే చూడండి.

కుర్చీ చప్పుడైంది. పెద్దసారు లేచి నిలబడ్డారు.

“అక్కడికి వద్దు.”

“ఏం సారూ?” అంది హెడ్ మేడమ్.

ఆయన ఆవిడ వైపు చూడలేదు. చెదల పిల్లనే చూస్తున్నారు. “వద్దమ్మా,” అన్నారు.

ఐదేళ్ళలో ‘ఏయ్’ అన్నారు, ‘ఇలా రా’ అన్నారు, పక్కవాళ్ళతో ‘ఆ అమ్మాయి’ అన్నారు. అమ్మా అనడం ఇదే మొదలు. అనడమే కాదు, బల్ల మీదికి వంగి, తను రాసిన ఉత్తరం లాక్కుని, ‘లేదు’ అన్న మాట కొట్టేసి ‘ఉంది’ అని రాసి, పక్కన మళ్ళీ సంతకం పెట్టారు. ఆ సంతకం వంకరగా వచ్చింది. “పెట్టెలూ తీసుకెళ్ళు. మూడు, ఐదు, నీకేవి కావాలంటే అవి. ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళకు.” సంచి తీసుకోవడం కూడా మరిచిపోయి బయటికి నడిచారు.

హెడ్ మేడమ్ ఆ సంతకం వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత గడియారం చూసింది. “ఒంటిగంట కావస్తోంది. మాస్టారిని కూడా వదులుకోలేను నేను. ఉత్తరాలు పక్కన పెట్టి, మూడింటికి ఇద్దరికీ ఇంటర్వ్యూ చేస్తాను. నాలుగింటికి పేరు వెళ్తుంది. వెళ్ళు, తయారవ్వు.”

బయట మాస్టారు నిలబడే ఉన్నాడు. “ఏమైంది సీనియర్ గారూ? సారు నన్ను తోసుకుంటూ వెళ్ళిపోయారు!”

“మూడింటికి మనిద్దరికీ ఇంటర్వ్యూ. నేను రాసిన ఉత్తరాలు చెల్లలేదు మాస్టారూ. సారే కొత్తవి రాశారు. నన్ను మొదటి గడిలో పెట్టారు. మిమ్మల్ని రెండోదాంట్లో.” ఆ చెప్పేదేదో దాచకుండా చెప్పేసింది. మొహం పక్కకి తిప్పుకోలేదు కూడా.

మాస్టారు చేతిలో ఫోను జేబులో పెట్టుకున్నాడు. “సారే రాశారా? ఆయనకి రాయడం వచ్చా?” అని, ఆ తర్వాత నిట్టూర్చాడు. “సరే పదండి. రెండు గంటలుంది. మీరు నన్నడగండి, నేను మిమ్మల్నడుగుతా. ఎవరో ఒకళ్ళం ఓడాల్సిందే గదా, చదువుకునే ఓడదాం.”

“మీరు పదండి, వస్తున్నా.”

ఆయన కుడివైపు ల్యాబుకు వెళ్ళాడు. చెదల పిల్ల అక్కడే నిలబడింది. కావలసిందంతా చేతికి వచ్చింది. సమ్మతి వచ్చింది, పెట్టెలొచ్చాయి, మొదటి గడీ వచ్చింది. ఇక వెళ్ళి పుస్తకం తెరవడమే తరువాయి. తెరవాలంటే మనసు నిలవాలి గదా! ల్యాబు వదలనివ్వనన్న మనిషి, ఒక్క పేరు వినగానే పెట్టెలతో సహా వదిలేశారు. అంత భయం దేనికి? గైడు మార్చుకునే ఫారం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కొత్త గైడు అన్నచోట ఖాళీ అలాగే ఉంది.

ఎడమవైపు మెట్లున్నాయి. ఆమె కాళ్ళు అటే తిరిగాయి.

పైన వసారా పొడుగునా పాత సూక్ష్మదర్శినుల చెక్కపెట్టెలు, వాటి మీద బూజు. చివరి గది తలుపు ఓరగా తీసి ఉంది. తట్టాలని చెయ్యెత్తింది. తట్టనే లేదు.

“రామ్మా, ఆ మెట్లెక్కే చప్పుడు ఇవాళే వింటాననుకోలేదు గాని, ఎప్పుడో ఒకప్పుడు వింటాననే అనుకున్నా,” అంది లోపలినుంచి ఒక ముసలి గొంతు. కుర్చీ కిర్రుమంది. “ఇంతకీ ఏ ఉత్తరం గురించి వచ్చావు? మీ సారున్నాడే, వాడు నీచేత రాయించినదాని గురించా, ఆరేళ్ళ కిందట నా పేరు పెట్టి తనే రాసుకున్నదాని గురించా?”